రామగిరి గాలిమరలు: ఆగిన చక్రాలు, మిగలవలసిన మాటలు

మ్యూజియం అనే మాట వినగానే మన విద్యార్థులకు సాలార్‌జంగ్ మ్యూజియం జ్ఞాపకం వస్తుంది. అద్దాల బీరువాలు, వాటిలో వస్తువులు, వాటి ముందు వరుసగా కదిలే జనం కన్నులకు కట్టుతారు. కాని గోడలూ పైకప్పూ లేని ప్రదర్శనశాలలు కూడా ప్రపంచంలో కలవు. పాత ఇండ్లను, పాత మరలను, పాత పనిముట్లను ఆరుబయట నిలిపి, ఒకనాటి ప్రజలు ఏ విధంగా బ్రతికినారో చూపే ప్రదర్శనశాలలవి. 1891లో స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోంలో ఆర్టర్ హజేలియస్ నెలకొల్పిన స్కాన్సెన్ ఈ పద్ధతికి మార్గదర్శి. యంత్రపరిశ్రమలు వచ్చి పల్లె జీవితం మారిపోతున్న కాలంలో, మారకముందే దానిని భద్రపరచవలెనని ఆయన తలచినాడు. ఆ తరువాత 1912లో నెదర్లాండ్స్ దేశం ఆర్న్‌హెం పట్టణంలో అటువంటిదే ఒకటి నెలకొల్పుకొన్నది. అదే దేశంలో కిండర్‌డైక్ అనే చోట నీటిని తోడిపోయుటకు కట్టిన 19 పాత గాలిమరలను 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

మన తెలుగు నేలపై గాలిమరల కొరకు అటువంటి ప్రదర్శనశాలను ఎవరూ కట్టలేదు. అయితే ఎవరూ ఉద్దేశించకుండానే ప్రదర్శనశాల వంటిదైన కొండవరుస ఒకటి కలదు. అదే రామగిరి. గత సంవత్సరం జులై మాసంలో దానిని చూచే అవకాశం నాకు కలిగినది. అక్కడ చూచినవి, విన్నవి, తిరిగి వచ్చిన తరువాత ఆలోచించినవి మన కళాశాల విద్యార్థినీ విద్యార్థుల ముందు, యాజమాన్య సంఘం పెద్దల ముందు ఉంచుటకే ఈ వ్యాసం.

ప్రయాణం

పెనుకొండలో బాబయ్య దర్గాకు వెళ్లవలెనని మా ఇంట్లో చాలాకాలంగా అనుకొంటున్నాము. హిందువులు, ముస్లిములు కలసి దర్శించుకొనే దర్గా అది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకొన్న ఊరు పెనుకొండ. కాచిగూడలో రాత్రి బండి ఎక్కి తెల్లవారుజామున ధర్మవరంలో దిగినాము. అక్కడ చీరల వ్యాపారంలో ఉన్న మా బావమరిది మమ్ములను పెనుకొండకు తీసుకొనిపోయినాడు. ఫాతిహా అయిన తరువాత, "భాయీ, మీరు పుస్తకాలలో పాఠం చెప్పే గాలిమరలు మా దగ్గర కొండనిండా ఉన్నవి, చూడకుండా పోతారా?" అని బండిని రామగిరి వైపు మళ్లించినాడు.

రామగిరి 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం జరిగిన జిల్లాల పునర్విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఒకప్పుడు బంగారు గనులకు పేరుపడిన ఊరు. గనులు మూతబడినవి. ఊరు దాటగానే రెండువైపులా వేరుసెనగ చేలు, వాటి పైన రాతికొండలు, కొండల శిఖరాలపై వరుసగా గాలిమరలు కనిపించినవి.

దూరం నుండి అన్నీ ఒకటే వలె కనిపించినవి. దగ్గరకు పోగా రెండు తరాలు స్పష్టంగా తెలిసినవి. ఒక తరం 1990ల దశకంలో వచ్చినది. పొట్టివి. వాటిలో కొన్నింటి కంబాలు ఇనుప కడ్డీలను అల్లి కట్టినవి. కొన్ని తిరుగుతున్నవి, కొన్ని ఆగిపోయినవి. ఒకదానికి మూడు రెక్కలలో ఒకటి లేదు. మరొకదాని పైనుండి కారిన నూనె కంబం పొడవునా నల్లని చారగా ఎండిపోయి ఉన్నది. రెండవ తరం ఈ శతాబ్దంలో వచ్చినది. దూరపు గుట్టలపై, పాతవాటికి మూడు నాలుగింతల ఎత్తున, తొందర లేకుండా తిరుగుతున్నవి. ఒకే చోట నిలబడి ఒక యంత్రపు బాల్యాన్నీ యౌవనాన్నీ చూడగలగటం అరుదు. అందుచేతనే దానిని ప్రదర్శనశాల అన్నాను.

గాలి ఉన్నది, వాన లేదు

రామగిరిలోనే ఇన్ని గాలిమరలు ఎందుకు అని విద్యార్థి అడగవలెను. సమాధానం భూగోళశాస్త్రంలో ఉన్నది. నైరుతి ఋతుపవనం అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి కనుమలను ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు చల్లబడి తన నీటినంతా కనుమల పడమటి వైపున కురిపిస్తుంది. మంగుళూరు తీరంలో ఏడాదికి మూడువేల మిల్లీమీటర్లకు పైగా వాన పడటానికి కారణం అదే. కనుమలు దాటి తూర్పునకు దిగేసరికి గాలి మిగులుతుంది, నీరు మిగలదు. అనంతపురం ప్రాంతంలో కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానచాటు ప్రాంతం అని మనం పాఠంలో చెప్పేది దీనినే. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఆ ఎండుగాలి ఈ కొండలపై ఎడతెగక వీస్తుంది. రైతుకు కరువును తెచ్చిన గాలియే యంత్రానికి ఆహారమైనది.

ఇక యంత్రపు లెక్క. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. సెకనుకు 4 మీటర్ల వేగంతో వీచే గాలి 8 మీటర్ల వేగాన్ని అందుకొంటే, శక్తి రెండింతలు కాక ఎనిమిదింతలు అవుతుంది. అందుకే మైదానం విడిచి కొండ శిఖరాన్ని వెదుకుతారు. రెండవది, రెక్కలు తిరిగే వృత్తపు వైశాల్యం. 29 మీటర్ల వ్యాసంగల పాత చక్రం సుమారు 660 చదరపు మీటర్ల గాలిని పట్టితే, 116 మీటర్ల వ్యాసంగల కొత్త చక్రం దానికి 16 రెట్లు పట్టుతుంది. వ్యాసం నాలుగింతలైతే వైశాల్యం పదహారింతలని గణితంలో చదివినదే ఇక్కడ కొండ మీద నిలబడి ఉన్నది. మూడవది, గాలి నుండి శక్తినంతా ఎవరూ పిండలేరు. అంతా పిండితే గాలి అక్కడే నిలిచిపోయి వెనుక వచ్చే గాలికి దారి ఉండదు. నూటికి 59.3 వంతులకు మించి రాబట్టలేమని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో నిరూపించినాడు.

మరి పాతవి ఎందుకు ఆగినవి? వయస్సు ఒక కారణం. చిన్న యంత్రాలకు విడిభాగాలు దొరకకపోవటం రెండవ కారణం. మూడవ కారణం వాణిజ్యశాస్త్ర విద్యార్థులు గమనించదగినది. 1990ల దశకంలో మన దేశంలో గాలిమర పెట్టినవారు, దాని విలువ మొత్తాన్ని మొదటి ఏటనే తరుగుదలగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకొనే సదుపాయం ఉండేది. యంత్రాన్ని నిలబెట్టినందుకు లాభం వచ్చేది గనుక, అది ఎంతకాలం తిరిగినదన్న ప్రశ్న కొందరికి ముఖ్యం కాలేదు. తరువాత ఆ సదుపాయాన్ని తగ్గించి, ఉత్పత్తి చేసిన విద్యుత్తును బట్టి ప్రోత్సాహం ఇచ్చే పద్ధతిని 2009లో కేంద్రప్రభుత్వం తెచ్చినది. చక్రం తిరగటానికి గాలితోపాటు చట్టం కూడా అనుకూలించవలెనని రామగిరి బోధిస్తున్నది.

గొర్రెల కాపరి చెప్పిన పాఠం

రెక్క లేని ఆ గాలిమర నీడలో ఒక పెద్దాయన గొర్రెలను మళ్లించుకొని కూర్చున్నాడు. మమ్ములను చూచి, "బాబయ్య కాడికి వచ్చినారా సారూ?" అని పలకరించినాడు. అవునన్నాను. ఏండ్ల క్రితం ఆ గాలిమరల వద్దనే కావలికి ఉండేవాడినని ఆయన చెప్పినాడు.

"మృగశిర మొదలుకొని ఉత్తర దాకా మా గాలికి పగ్గాలుండవు సారూ. మా నాయన కాలంలో ఈ గాలిని తిట్టుకునేవాళ్లు. ఇది వచ్చిందంటే మబ్బు నిలబడదని. ఈ ఫ్యాన్లు వచ్చినాక, ఈ రెక్కలే మబ్బుల్ని తోలుతాయని కొందరన్నారు."

"మరి నీవేమంటావు పెద్దాయనా?"

"మా నాయన తిట్టినప్పుడు ఫ్యాన్లు యాడున్నాయి సారూ?"

ఏ తర్కశాస్త్ర పాఠంలోనూ ఇంతకంటె చక్కని సమాధానం నాకు దొరకలేదు. కార్యకారణ సంబంధాన్ని నిర్ణయించేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక అని చూడవలెనని మనం తరగతిలో గంటసేపు చెప్పేదానిని ఆయన ఒక్క వాక్యంలో చెప్పినాడు.

తరువాత ఆ యంత్రాన్ని నాకు భాగభాగంగా చూపించినాడు. ఆయన ఏ ఇంగ్లీషు పేరూ వాడలేదు. నిలువు స్తంభం "కంబం". పైన ఉత్పత్తి యంత్రం ఉండే గూడు "పెట్టె". గాలి ఎటునుండి వస్తే అటు పెట్టె తిరగటం "మొగం తిప్పుకోవడం". చక్రాన్ని ఆపే సాధనం "కళ్లెం". వేగాన్ని కొలిచే చిన్న గిన్నెలు "గాలి గిన్నెలు". గాలి పడిపోయి చక్రం ఆగితే "అలిగింది" అనేవారట. ఈ మాటలు ఎవరు పెట్టినారని అడిగినాను. "ఎవరూ పెట్టలేదు సారూ. మేం నలుగురం కావలి ఉంటిమి, రాత్రిపూట మాట్లాడుకోవాల గదా" అన్నాడు.

ఆ నలుగురిలో ఇప్పుడు ఎందరు ఉన్నారని అడిగితే, "నేనొక్కణ్ణే" అన్నాడు.

నేను జేబులోని రైలు టిక్కెట్టు వెనుకనే ఆ మాటలన్నీ వ్రాసుకొన్నాను. అద్దాల బీరువా ఉన్నా, ఆరుబయలు ఉన్నా, ప్రదర్శనశాలలో నిలిచేది వస్తువు మాత్రమే. దానిని వాడినవారి నోటిమాటను ఎవరైనా వ్రాసుకొంటే తప్ప అది నిలువదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే.

మర - చక్కీ - ఆస్

తెలుగు, ఉర్దూ రెండూ చదివే మన విద్యార్థులు ఈ యంత్రపు పేర్లను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. తెలుగులో "మర" అంటే తిరిగేది, తిప్పేది. మెలితిప్పి బిగించేది మరమేకు. పిండి విసిరేది పిండిమర. కీలు తిప్పితే ఆడేది మరబొమ్మ. గాలితో తిరిగేది గాలిమర. మన మెట్టుగూడలో మాత్రం "పిండిమరకు పోయివస్తాను" అని ఎవరూ అనరు, "గిర్నీకి పోయివస్తా" అంటారు. మరాఠీలోనూ వినిపించే ఈ మాట హైదరాబాదు రాజ్యపు ఉమ్మడి జీవితంలో అందరిదీ అయినది.

ఉర్దూలో తిరుగలి "చక్కీ". దానికి మూలం చక్రమే. నీటితో తిరిగితే పన్‌చక్కీ, గాలితో తిరిగితే పవన్‌చక్కీ. పవనమనే సంస్కృతపు మాటను ఉర్దూ ఎంత సహజంగా తనలో కలుపుకొన్నదో గమనించండి. పారశీకంలో విసురురాయిని "ఆస్" అంటారు. చేతితో తిప్పితే దస్తాస్, నీటితో తిరిగితే ఆసియాబ్, గాలితో తిరిగితే ఆస్‌బాద్. దస్త్ చేయి, ఆబ్ నీరు, బాద్ గాలి. ఈ మూడు మాటలలో మానవుని శక్తిసాధనల చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. ముందు చేయి, తరువాత నీరు, ఆపైన గాలి.

గాలిమర పుట్టినిల్లు కూడా పారశీక దేశపు తూర్పు సీమలే. సీస్తాన్ ప్రజలు గాలితో మరలు తిప్పుతారని పదవ శతాబ్దికి చెందిన అల్ మసూదీ వ్రాసినాడు. నేటి ఇరాన్‌లోని ఖురాసాన్ ప్రాంతంలో నష్తీఫాన్ అనే ఊరిలో మట్టిగోడల మధ్య నిలువు ఇరుసుపై తిరిగే కొయ్యరెక్కల గాలిమరలు వరుసగా నిలిచి ఉన్నవి. ఇరాన్ ప్రభుత్వం 2002లో వాటిని జాతీయ వారసత్వంగా నమోదు చేసినది. ఆ సీమలో వేసవి నుండి వీచే గాలికి "నూట ఇరువది దినాల గాలి" అని పేరు. అదీ ఎండుగాలియే. మృగశిర నుండి ఉత్తర వరకు అని మన గొర్రెల కాపరి చెప్పిన లెక్క కూడా ఇంచుమించు అంతకే వస్తుంది. వాన లేని చోట నీటిమర తిరగదు. గాలినే పనిలో పెట్టక తప్పదు. సీస్తానుకూ రామగిరికీ నడుమ వేయేండ్ల దూరం ఉన్నా, అవసరం ఒక్కటే. ఐరోపాలో అడ్డ ఇరుసు గాలిమరలు కనబడేది పన్నెండవ శతాబ్ది నుండి.

నీటిమరకు మనకు దగ్గరి ఉదాహరణ పన్‌చక్కీ. నేడు ఛత్రపతి శంభాజీనగర్ అని పిలువబడే ఔరంగాబాదులో, బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో అది కలదు. 1956 వరకు ఆ ఊరు మన హైదరాబాదు రాజ్యంలోనిదే. కొన్ని మైళ్ల దూరం నుండి మట్టిగొట్టాల ద్వారా నీటిని తెచ్చి, ఎత్తు నుండి దూకించి, ఆ దూకుడుతో రాతిని తిప్పి, ఫకీర్లకు పిండి విసిరినారు. మన కళాశాలల నుండి ఎల్లోరా యాత్రకు పోయే బృందాలు దానిని చూడకుండా రావు. చూచినవారిలో ఎందరు దాని భాగాల పేర్లు అడిగి తెలుసుకొన్నారన్నదే నా ప్రశ్న.

మన ఊళ్లలో గాలిమర ఎందుకు లేదు

గాలిమరల దేశం నుండి వచ్చిన డచ్చివారు 1605లోనే మచిలీపట్నం చేరినారు. అయినా మన పల్లెలలో గాలిమర వేళ్లూనలేదు. దానికి నాకు తోచిన కారణాలు రెండు. మన ప్రధాన ధాన్యం వరి. దానికి విసరటం కంటె దంచటం ముఖ్యం. జొన్నలు, రాగులు, పప్పులు విసరటానికి ఇంటింటా తిరుగలి ఉండనే ఉన్నది. ఇక నీరు తోడటానికి ఎద్దులు ఉన్నవి. తెలంగాణాలో మోట అని, రాయలసీమలో కపిల అని పిలిచేది ఆ ఎద్దుల పనియే. మనిషి తొక్కితే ఏతం, ఎద్దు తిరిగితే గానుగ. నాలుగు నెలలు మాత్రమే వీచే గాలిని నమ్ముకొని మరను కట్టవలసిన అవసరం మనవారికి కలగలేదు.

అంటే ఐరోపాలో గాలి, ఔరంగాబాదులో నీరు చేసిన పనిని మన ఇండ్లలో స్త్రీల చేతులు చేసినవి. ఆ పని బరువు నుండి పాట పుట్టినది. తెలుగులో తిరుగటి పాటలు, రోకటి పాటలు కలవు. దక్కనీ భాషలో చక్కీనామా అనే రచనలు కలవు. బీజాపూరు ప్రాంతపు సూఫీల సంప్రదాయంలో వెలసిన ఈ పాటలను స్త్రీలు పిండి విసురుతూ పాడుకొనేవారు. తిరుగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, విసిరే ప్రతి చుట్టునూ దైవస్మరణగా మార్చిన రచనలవి. తెలుగు స్త్రీ, దక్కనీ స్త్రీ ఒకే రాతిని త్రిప్పుతూ రెండు భాషలలో పాడుకొన్నారు. రెండు సాహిత్యాలూ చదివే మన కళాశాలలో పరిశోధింపదగిన విషయం ఇంతకంటె ఏమున్నది?

ఈ పనికి దారి చూపినవారు మనకు దూరంగా లేరు. మెట్టుగూడ నుండి తార్నాక దాటితే వచ్చే ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఆచార్య బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి, పల్లె పాటలకు విశ్వవిద్యాలయంలో స్థానం కల్పించినారు. అక్కడనే భాషాశాస్త్రాచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి నుండి సేకరించిన మాటలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడినది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చినది. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో నేడు మనం చెప్పగలుగుతున్నామంటే, ఆనాడు కొందరు ఊరూరా తిరిగి అడిగి వ్రాసుకొన్నందువల్లనే. వారు పోయి అడిగిన కాలంలో మోటలు ఇంకా తిరుగుతున్నవి. మోట ఆగిన తరువాత పోయి ఉంటే, ఆ మాటలలో ఎన్ని దొరికేవో ఆలోచించండి.

మా ఇంటి చక్కీ

పరుల నిర్లక్ష్యాన్ని గురించి వ్రాయటం సులభం. నా సంగతి కూడా చెప్పవలెను. నల్లగొండ జిల్లాలోని మా స్వగ్రామంలో మా దాదీ వాడిన చక్కీ ఒకటి ఉండేది. నల్లరాతిది. తెల్లవారుజామున దాని చప్పుడుతోనే మాకు మెలకువ వచ్చేది. ఏడాదికొకసారి వడ్డెర పెద్దాయన వచ్చి రాతికి కక్కు కొట్టి పోయేవాడు. ఆయన దానిని తిరుగలి అనేవాడు, దాదీ చక్కీ అనేది. ఆయన కక్కు అన్నదానిని దాదీ టాంకీ అనేది. ఇద్దరూ ఎవరి మాట వారు వాడుతూనే ఒకరి మాట మరొకరు అర్థం చేసుకొనేవారు.

ఎనిమిదేండ్ల క్రిందట ఇల్లు బాగుచేయిస్తున్నప్పుడు, పనికి వచ్చిన మేస్త్రీ ఆ రాళ్లను చూపి, "సారూ, వీటినేం చేయమంటారు?" అని అడిగినాడు. అప్పటికి దాదీ లేదు. "అడ్డంగా ఉన్నవి, తీసుకొనిపొండి" అన్నాను. మా అమ్మీ అక్కడనే ఉన్నది, ఏమీ అనలేదు. పైరాయి ఎవరి గుమ్మం ముందో మెట్టుగా పడి ఉన్నదని తరువాత విన్నాను.

రామగిరి నుండి తిరిగి వచ్చిన రాత్రి, రైలు టిక్కెట్టు వెనుక వ్రాసుకొన్న మాటలను చూపి, "అమ్మీ, మన చక్కీలో భాగాలను దాదీ ఏమేమి అనేది?" అని అడిగినాను. పైరాయి, క్రిందిరాయి, పిడి, నడిమి సీల - ఈ నాలుగింటికీ దాదీ వాడిన పేర్లు అమ్మీకి జ్ఞాపకం ఉన్నవి. పైరాయి కంతలో సీల కూర్చునే చోట ఒక చిన్న కొయ్యముక్క ఉండేది. పిండి సన్నగా రావలెనన్నా, బరకగా రావలెనన్నా దానినే సవరించేవారు. దాని పేరు మాత్రం అమ్మీకి రాలేదు. చాలాసేపు ఆలోచించి, "మీ దాదీని అడగవలసినది బేటా" అన్నది. ఆ కొయ్యముక్క లేకుండా చక్కీ పనిచేయదు. దాని పేరు మా ఇంటిలో ఇక ఎవరికీ తెలియదు.

తెలుగులో ఎమ్.ఏ. పట్టం పొందినవాడను నేను. భాషాశాస్త్రం చదివినాను, మాండలికాల మీద పరీక్ష వ్రాసినాను. మా ఇంటి వాకిట పడి ఉన్న నిఘంటువును నేనే ఎత్తి ఇచ్చివేసినానని రామగిరిలో ఒక గొర్రెల కాపరిని కలిసిన తరువాత గాని తెలియలేదు.

ఒక మనవి

యాజమాన్య సంఘం పెద్దలకు నాదొక మనవి. మన కళాశాల వెనుక ఆవరణలో చెట్ల క్రింద ఖాళీ స్థలం ఉన్నది. అక్కడ ఒక చిన్న ఆరుబయటి ప్రదర్శనశాలకు అనుమతి ఇవ్వవలెనని కోరుతున్నాను. అందుకు భవనం అక్కరలేదు, బీరువాలు అక్కరలేదు. విద్యార్థుల ఇండ్లలో మూలపడి ఉన్న తిరుగలి, రోలు, పొత్రం, కుదురు, మోట గిలక వంటివి చాలు. వర్షానికి చెడనివి గనుక రక్షణ వ్యయం కూడా స్వల్పమే. ప్రతి వస్తువు ప్రక్కన తెలుగు, ఉర్దూ లిపులలో దాని పేరు, దాని భాగాల పేర్లు, అవి ఏ జిల్లా నుండి, ఏ తరంవారి నోటి నుండి వచ్చినవో వ్రాసిన పలక ఉండవలెను. వస్తువు కంటె పలకయే ముఖ్యం. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోయే ప్రాచీన కట్టడాలను విప్పి తెచ్చి, నాగార్జునకొండ శిఖరంపై, అనుపులో తిరిగి నిలబెట్టినవారు మన దేశంవారే. అంత గొప్ప కార్యం మనం చేయలేము. ఒక తిరుగలిని మెట్టుగా మారకుండా కాపాడుట మన చేతిలోని పని.

విద్యార్థులకు ఈ సెలవులలో చేయదగిన పని ఒకటి సూచిస్తున్నాను. మీ ఇంటిలోగాని, మీ ఊరిలోగాని, ఆగిపోయిన ఒక యంత్రాన్ని ఎన్నుకొనండి. తిరుగలి, గానుగ, మగ్గం, మోట, పాత గిర్నీ - ఏదైనా సరే. దానిని వాడిన ఒక పెద్దవారి వద్ద కూర్చొని ఐదు ప్రశ్నలు అడగండి.

1. దీనిలో ప్రతి భాగాన్ని మీరు ఏమని పిలిచేవారు?
2. ఇది ఏ శక్తితో నడిచేది? మనిషి, పశువు, నీరు, గాలి, కరెంటు - వీటిలో ఏది?
3. చెడిపోతే ఎవరు బాగుచేసేవారు? వారిని ఏమని పిలిచేవారు?
4. పనిచేసేటప్పుడు పాడిన పాట, చెప్పుకొన్న సామెత ఏదైనా ఉన్నదా?
5. ఇది ఎప్పుడు ఆగినది, ఎందుకు ఆగినది?

వారు చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయండి. పుస్తకభాషలోనికి దిద్దవద్దు. వ్రాసినవారి పేరుతోపాటు చెప్పినవారి పేరు కూడా, వారి అనుమతితో, కాగితంపై ఉండవలెను. చక్కగా వ్రాసిన వాటిని వచ్చే సంచికలో ప్రకటించుటకు సంపాదకవర్గాన్ని నేను కోరుతాను.

రామగిరి కొండపై రెక్క విరిగిన ఆ గాలిమరను ఎప్పుడో ఒకనాడు విప్పి పాత ఇనుముగా అమ్మివేస్తారు. అందులో తప్పు లేదు. దాని స్థానంలో పెద్దది వస్తుంది, ఎక్కువ విద్యుత్తు ఇస్తుంది. అయితే దానిని నలుగురు కావలివారు ఏమని పిలిచినారో నా రైలు టిక్కెట్టు వెనుక ఉన్నది. ఆ టిక్కెట్టును ఇప్పుడు మా ఇంటి నిఘంటువులో "గ" అక్షరం వద్ద పెట్టుకొన్నాను. మన కళాశాల ఆవరణలో మొదటి తిరుగలి నిలిచిననాడు, దాని పలక మీద నడిమి కొయ్యముక్కకు పేరు వ్రాసే చోటు ఖాళీగా ఉంచవలెనని కోరుతాను. ఏ విద్యార్థి దాదీయో, అమ్మమ్మయో, నాయనమ్మయో ఆ మాటను ఇంకా మరచిపోయి ఉండదని నా నమ్మకం. అడిగి తెచ్చిన విద్యార్థి చేతితోనే ఆ చోటును నింపుదాము.